చుట్టాన్ని బట్టి ఊరు

రావులపాలెం నుంచి మేనమామ, అత్తయ్య వస్తున్నారంటే ఉప్పల్‌లోని ఆ మేనకోడలి ఇంట్లో రెండు రోజుల ముందు నుంచే సందడి. ఆయన ఆర్టీసీ డిపోలో ముప్ఫయ్యేళ్లు మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఆవిడ వీధి వసారాలో కుట్టుమిషన్ వేసుకుని సగం పేటకి జాకెట్లు కుట్టిన మనిషి. అంతకు ముందోసారి వచ్చినప్పుడు మేనకోడలు బోలెడు ప్రేమతో ఒక్క రోజులో ఆరు చోట్లు తిప్పింది. హైదరాబాద్ వచ్చినవాళ్లు చూడాల్సినవంటూ అందరూ చెప్పేవే అవన్నీ. నాలుగో చోటికి వెళ్లేసరికి మావయ్య కారు దిగలేదు. "మీరు చూసి రండమ్మా, నేనిక్కడ కూర్చుంటా" అన్నారు. అత్తయ్య చెప్పులు విడిచి పాదాలు నొక్కుకుంటూ పక్కనే ఉండిపోయింది. రాత్రి భోజనాల దగ్గర "ఎలా ఉంది మావయ్యా?" అని అడిగితే "బ్రహ్మాండంగా ఉంది తల్లీ" అన్నారు. తీరా ఊరెళ్లాక ఏం చూశారో ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదని వాళ్లమ్మ ద్వారా తెలిసింది.

ఆ అమ్మాయికి మనసు చివుక్కుమంది. డబ్బు పెట్టింది, సెలవు పెట్టింది, దగ్గరుండి తిప్పింది. లోపం ఎక్కడ?

లోపం ఆమె ప్రేమలో లేదు, హైదరాబాద్‌లో అసలే లేదు. చుట్టాలకి ఊరు చూపించేటప్పుడు మనలో చాలామంది ఊరి వైపు నుంచి మొదలుపెడతాం. ఏవి పేరున్నవి, ఏవి దగ్గర, ఏవి పొద్దున, ఏవి సాయంత్రం అని లెక్కలేసుకుంటాం. వచ్చిన మనిషి ఎవరు, ఇన్నేళ్లూ ఆ చేతులు ఏం చేశాయి, ఆ కళ్లు దేన్ని చూస్తే ఆగుతాయి అన్నది ఆ లెక్కలో ఉండదు. మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే. అప్పుడు పెద్ద పెద్ద కట్టడాల కంటే ఊళ్లో మూలమూలల ఉన్న వింత చోట్లే ఎక్కువ అక్కరకొస్తాయి. పేరున్న కట్టడం ముందు అందరూ ఒకేలా తలెత్తి చూస్తారు. వింత వస్తువు ముందు ఎవరి బుర్ర వాళ్లది పనిచేస్తుంది.

రెండోసారి ఆమె ఫోన్ చేసినప్పుడు "ఎక్కడికెళ్దాం మావయ్యా?" అని అడగలేదు. అలా అడిగితే మన పెద్దవాళ్లు ఇచ్చే జవాబు ఒకటే: "నీ ఇష్టం అమ్మా, మా కోసం నువ్వేం శ్రమపడకు." అది మర్యాద కొద్దీ అనే మాట. దాన్ని పట్టుకుని మనిష్టం వచ్చినట్టు తిప్పితే పాత కథే. అందుకని ఆమె వేరే సంగతులు కదిపింది. డిపోలో చేసిన వాటిలో ఏ బండి ఎక్కువ ఏడిపించిందని మావయ్యని అడిగితే ఆయన ఇరవై నిమిషాలు ఆగకుండా చెప్పారు. కుట్టిన వాటిలో బాగా పేరు తెచ్చిన జాకెట్ ఏదని అత్తయ్యని అడిగితే ఆవిడ ఒక పెళ్లికూతురి పేరు, బట్ట రంగు, చేతుల కొలతతో సహా చెప్పింది. ఆ రెండు జవాబుల్లోంచే ప్రయాణం తయారైంది. శనివారం, నాలుగే చోట్లు, అన్నీ మూసీకి అటూ ఇటూ దగ్గర్లోనే.

మొదటిది సాలార్‌జంగ్ మ్యూజియం. అది పేరున్నదే కదా అనొచ్చు. కానీ ఆమె చూపించాలనుకున్నది మ్యూజియాన్ని కాదు, అందులో రెండే రెండు వస్తువుల్ని. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా కూడబెట్టిన సంపదకు ఆయన పూర్వీకుల సేకరణ తోడై 43,000 దాకా వస్తువులున్న చోటు అది. ఆయన 1949లో పోయారు. 1951 డిసెంబర్ 16న నెహ్రూ దాన్ని మ్యూజియంగా ప్రారంభించారు. ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది. అన్ని వస్తువుల్నీ వరసపెట్టి చూడబోతే మధ్యాహ్నానికి ఏదీ గుర్తుండదు. రెండు చూసి బయటికి రావడానికి మనసు గట్టి చేసుకోవాలి.

పదకొండుకి పది నిమిషాల ముందే ముగ్గురూ సంగీత గడియారం ఎదురుగా కుర్చీల్లో కూర్చున్నారు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ బిగించిన గడియారం అది. గంట పూర్తవడానికి మూడు నిమిషాల ముందు పక్కనున్న తలుపు తెరుచుకుని గడ్డం ఉన్న ఒక చిన్న బొమ్మ బయటికొస్తుంది. ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. చూడ్డానికొచ్చిన జనమంతా ఎదురుచూసేది ఆ గడ్డం మనిషి కోసమే. మావయ్య మాత్రం అతణ్ని చూడలేదు. కమ్మరిలా సుత్తి పట్టుకుని సెకన్లు కొడుతూ కూర్చునే ఇంకో బొమ్మ మీద ఆయన కళ్లు నిలిచిపోయాయి. పెదాలు కదుపుతూ ఆ దెబ్బలు లెక్కపెట్టారు, చేతి గడియారంతో సరిచూసుకున్నారు. "బయటికొచ్చేవాడికి గంటకోసారే పని. అసలు డ్యూటీ అంతా వీడిది" అన్నారు. వర్క్‌షాపులో మూడు షిఫ్టులు చూసిన మనిషి నోట తప్ప ఆ మాట ఇంకెవరి నోటా రాదు.

ఆ తర్వాత మేలిముసుగు రెబెక్కా. జియోవన్నీ మరియా బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. బైబిల్ కథలోని పెళ్లికూతురు, ముఖం మీద పల్చటి ముసుగు. రాయే అయినా ముసుగు చాటున ముక్కు, పెదవులు, సిగ్గు అన్నీ కనిపిస్తాయి. అందరూ ముఖం వైపు చూస్తుంటే అత్తయ్య నడుము వంచి కింద అంచు చూసింది. మడత ఎక్కడ మొదలై ఎక్కడ జారిందో వేలితో గాలిలో గీసుకుంది. "బట్టనైతే అటూ ఇటూ లాగి సరిచెయ్యొచ్చు. రాయి ఒకసారి చెక్కాక మళ్లీ విప్పి కుట్టడానికుండదు" అంది. పది నిమిషాలు అక్కణ్నుంచి కదల్లేదు. తొందరపెట్టకుండా పక్కన నిలబడటమే ఆ పది నిమిషాల్లో మేనకోడలు చేసిన ఆతిథ్యం.

ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం తిని, పన్నెండున్నరకల్లా మావయ్య షుగర్ మాత్ర వేసుకున్నాక దగ్గర్లోనే ఉన్న పురానీ హవేలీకి బయల్దేరారు. ఈ భోజనం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ ప్రయాణాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. మంచి హోటలని చెప్పి రెండింటిదాకా ఆకలితో ఉంచి, తీరా వెళ్లాక అరగంట బయట నిలబెడితే పొద్దున చూసిందంతా నీరుగారిపోతుంది. అరవై దాటినవాళ్లకి వేళకి అన్నం, గంటన్నరకోసారి బాత్‌రూమ్, అడుగడుగునా కూర్చునే చోటు ముఖ్యం. వీటిని నోరు తెరిచి అడగడానికి వాళ్లు మొహమాటపడతారు. కాబట్టి ఏ చోట మెట్లెన్ని, కుర్చీలెక్కడ, వీల్‌చైర్ దొరుకుతుందా అన్నవి పిలిచినవాళ్లే ముందు రోజు ఫోన్‌లో కనుక్కోవాలి.

పురానీ హవేలీలో నిజాం మ్యూజియం 2000లో తెరిచారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనకి ఇరవై అయిదేళ్లు నిండినప్పుడు వచ్చిన కానుకలు అందులో పెట్టారు. అంతకంటే వింతైనది ఆయన తండ్రి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా. బీరువా అనడం అలవాటు కొద్దీ అనడమే. బర్మా టేకుతో రెండంతస్తుల్లో పొడుగ్గా సాగిపోయే వసారా అది. అటూ ఇటూ వందకు పైగా అరలు, పైకెళ్లడానికి చేత్తో నడిపే చెక్క లిఫ్టు. ఒకసారి వేసుకున్న బట్ట ఆయన మళ్లీ వేసుకునేవారు కాదని చెబుతారు. అత్తయ్య ఆ మాట వినగానే వేళ్లు మడిచి లెక్క మొదలుపెట్టింది. రోజుకో జత అంటే ఏడాదికి ఎంతమంది దర్జీలు, ఒక్కొక్కరికి ఎన్ని గంటలు అని. రాజుగారి వైభవం కంటే ఆ కుట్టినవాళ్ల నడుములే ఆవిడకి గుర్తొచ్చాయి.

ఆ బీరువా దగ్గరే జాకబ్ వజ్రం కథ కూడా చెప్పుకోవాలి. 184.75 క్యారెట్ల ఆ వజ్రం తండ్రి బూటు మొనలో కొడుక్కి దొరికిందని, ఆయన దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడారని ప్రసిద్ధి. 1995లో భారత ప్రభుత్వం కొన్న నిజాం నగల్లో అదీ ఒకటి. ఇక ఇదే మ్యూజియంలో 2018 సెప్టెంబర్‌లో దొంగలు గాలి కిటికీలోంచి తాడుతో దిగి వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా ఎత్తుకుపోయారు. పోలీసులు కొద్ది రోజుల్లోనే పట్టుకుని తిరిగి తెచ్చారు. ఇలాంటి కథలు ఇంట్లో ఒకసారి చదువుకుని వెళ్లడం మంచిది. బోర్డు మీద రాసింది చదివి వినిపించడానికీ, పక్కన నడుస్తూ సొంత మాటల్లో చెప్పడానికీ చాలా తేడా ఉంది.

మావయ్యకి ఆ రోజు అసలు బహుమతి అక్కడ దొరికింది. మేనకోడలు ఇవ్వాలనుకుని ఇచ్చింది కాదది. మహబూబ్ అలీఖాన్ భార్య, ఏడో నిజాం తల్లి పేరు జహ్రా బేగం అని వినగానే ఆయన ఆగిపోయారు. "మా బస్సుల జెడ్ ఈవిడదేనా!" అన్నారు. ఆర్టీసీ బస్సుల నంబరు ప్లేటు మీద ఉండే జెడ్ అక్షరం నిజాం తల్లి పేరులోని మొదటి అక్షరమనీ, అమ్మ గుర్తుగా పెట్టించారనీ ఆ సంస్థలో తరతరాలుగా చెప్పుకుంటారు. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టిన రవాణా శాఖే తర్వాత ఆర్టీసీకి మూలమైంది. ముప్ఫయ్యేళ్లపాటు రోజూ ఆ అక్షరాన్ని గుడ్డతో తుడిచిన మనిషి, అది ఎవరి పేరో ఆవిడ భర్త బట్టల బీరువా ముందు నిలబడి తలుచుకున్నాడు. అక్కణ్నుంచి మాట్లాడటం ఆయన వంతు, వినడం మేనకోడలి వంతు. ఆ మార్పు వచ్చిన క్షణం నుంచి ఆ రోజు బాగుపడింది. వచ్చినవాళ్లు మనకి చెప్పేలా చెయ్యగలిగితే ఊరు చూపించడమనే పని సగానికి పైగా అయిపోయినట్టే.

హవేలీ పక్కనే అప్పట్లో మున్షీ నాన్ దుకాణం ఉండేది. 1851లో మొదలైంది. నిజాం కొలువులో మున్షీగా చేసినాయన పెట్టడంతో ఆ పేరొచ్చింది. నాలుగు మూలల నాన్, తందూరు గోడకి అతికించి కాల్చి ఊచతో లాగి ఇస్తారు. శనివారం కాబట్టి మావయ్య వాళ్లు నీచు ముట్టరు. వేడి నాన్ ఊరికే తుంచుకుని, పక్కన చాయ్‌లో ముంచుకుని తిన్నారు. డబ్బులు మావయ్య ఇస్తానంటే మేనకోడలు అడ్డుపడలేదు. ఇదీ గమనించదగ్గ సంగతే. రోజంతా ఒక్క రూపాయి తియ్యనివ్వకపోతే పెద్దవాళ్లకి చేతులు కట్టేసినట్టుంటుంది. ఒక చాయ్, ఒక నాన్, ఒక ఆటో వాళ్లని ఇవ్వనివ్వాలి. మళ్లీ పిలిస్తే మొహమాటం లేకుండా వస్తారు.

మూడింటికి బహదూర్‌పురా. జూ పార్కుకి దగ్గర్లో సుధా కార్స్ మ్యూజియం. సుధాకర్ అనే ఆయన చిన్నప్పటి సరదాని వదలకుండా పాత ఇనుప సామాన్లతో కార్లు చేస్తూ చేస్తూ 2010లో పెట్టిన మ్యూజియం ఇది. వంకాయ ఆకారంలో కారు, క్రికెట్ బ్యాటు కారు, బర్గర్ కారు, కెమెరా కారు, ఎత్తు మడమ చెప్పు కారు, పెన్ను, లిప్‌స్టిక్, కమోడ్ కూడా. ఇవన్నీ నడిచే బళ్లే, ఊరికే బొమ్మలు కావు. లోపల ఇంజన్ ఉంటుంది, డ్రైవర్ కూర్చునే చోటుంటుంది. 2005 జూలై 1న ఆయన హైదరాబాద్‌లో తొక్కిన మూడు చక్రాల సైకిల్ ప్రపంచంలోకెల్లా పెద్దదని గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. దాని ఒక్కో చక్రం అడ్డంగా 17 అడుగులు.

పిల్లలు వంకాయని చూసి నవ్వుతుంటే మావయ్య మోకాళ్ల మీద కూర్చుని అడుగుకి తొంగిచూశారు. ఇరుసు ఎక్కడ వేశాడు, స్టీరింగ్ రాడ్డు ఎలా తిప్పాడు, బరువంతా ముందుకి తోస్తే వెనక చక్రం లేవకుండా ఏం చేశాడు? ఎత్తు మడమ చెప్పు దగ్గర పావుగంట నిలబడ్డారు. దాన్ని చూసినవాళ్లందరికీ వింతగా తోచేది పై ఆకారం. ఆయనకి వింత ఏమిటంటే, మడమ సన్నగా దిగిన చోట బరువు మొయ్యడానికి చట్రం ఎలా నిలబెట్టాడన్నది. "తుక్కు సామాన్లంటే చులకన చేస్తారు గానీ తుక్కులోంచి బండి లేపడం కంటే కొత్త బండి చెయ్యడమే సులువు" అని మేనకోడలికి కమాన్ కట్టలు ఎలా పనిచేస్తాయో చేతులతో చేసి చూపించారు. ఆ అమ్మాయి బ్యాంకు ఉద్యోగి. మావయ్య ఏం పని చేసేవారో ముప్ఫయ్యేళ్లుగా తెలుసు, ఎలా చేసేవారో తెలిసింది మాత్రం ఆ రోజే. ఫోన్‌లో ఫొటోలు తియ్యడం మానేసి ఆయన మాటలు రికార్డు చేసింది. మంచి పని చేసింది. వస్తువుల ఫొటోలు ఎక్కడైనా దొరుకుతాయి. ఆ గొంతు ఇంకెక్కడా దొరకదు.

తిరుగుదారిలో నాలుగో చోటు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు. టికెట్ లేదు, వరస లేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు ఈ చెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనీ, కూతురినీ పోగొట్టుకుని ఒంటరిగా మిగిలారు. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించి వరద అదుపు ఆలోచన చేయించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. గోదారి ఒడ్డు మనిషికి ఇది చెప్పాల్సిన పనిలేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు దిగిన రోజులు మావయ్యకి, అత్తయ్యకి కళ్లకి కట్టినట్టు గుర్తున్నాయి. చెట్టు మొదలు మీద చెయ్యేసి ఇద్దరూ ఆ రాత్రుల గురించి ఒకరి మాట ఒకరు అందుకుంటూ చెప్పుకున్నారు. చీకటి పడుతోందని ఎవరూ అనలేదు.

ఈ నాలుగు చోట్లూ అందరికీ నప్పుతాయని కాదు. అమెరికా నుంచి వచ్చిన పన్నెండేళ్ల మనవడికి నిజాం బీరువా ఏం పడుతుంది? వాణ్ని బిర్లా సైన్స్ సెంటర్‌కి తీసుకెళ్లాలి. అక్కడ నిలబెట్టిన డైనోసార్ అస్థిపంజరం మన గోదావరి లోయలో బయటపడ్డదే. దాని పేరు కోటాసారస్ యామనపల్లియెన్సిస్. పాత ఆదిలాబాద్ జిల్లాలోని యామనపల్లి పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లో ఉందని చెబితే వాడి కళ్లు మెరవకుండా ఉండవు. విశాఖలో ఉన్నవాళ్లింటికి వెల్డింగ్ పని చేసిన బాబాయ్ వస్తే బీచ్‌లో కూర్చోబెట్టకుండా కురుసుర జలాంతర్గామి లోపలికి తీసుకెళ్లాలి. నౌకాదళంలో 31 ఏళ్లు పనిచేసి 2001లో విరమించి, మరుసటి ఏడాది మ్యూజియంగా ఒడ్డుకెక్కింది. కదిరి వైపు చుట్టరికం ఉండి, వచ్చినావిడకి మొక్కలంటే ప్రాణమైతే తిమ్మమ్మ మర్రిమాను ఉంది. ఒక్క చెట్టే అయిదెకరాల మేర ఊడలు దించుకుని 1989లో గిన్నిస్‌కెక్కింది. తాపీ పని చేసిన పెద్దాయనకి లేపాక్షిలో నేలకి పూర్తిగా ఆనకుండా నిలిచిన స్తంభం కింద తువ్వాలు దూర్చి లాగే అవకాశం ఇవ్వాలి. మన ఊళ్లో ఏముందిలే అనుకునేవాళ్లు ఒక్కసారి ఆటో డ్రైవర్నో, పాత పుస్తకాల కొట్టాయన్నో అడిగి చూడాలి. మూడు చోట్లు తప్పకుండా చెబుతారు. అందులో ఒకటి ఇన్నేళ్లుగా మనమూ చూడనిదై ఉంటుంది.

శనివారమే ఎందుకంటే సాలార్‌జంగ్ మ్యూజియానికీ, నిజాం మ్యూజియానికీ శుక్రవారం సెలవు. ఆదివారం జనం ఎక్కువ. ఇలాంటివి తెలియక గేటు దాకా వెళ్లి తిరిగొచ్చిన కుటుంబాలు ఎన్నో. సెలవు రోజు కనుక్కోవడానికి పట్టేది ఒక్క నిమిషం.

మావయ్య వాళ్లు ఊరెళ్లిన వారానికి ఒక పొద్దున్నే మేనకోడలికి ఫోన్ వచ్చింది. వెనక టీ కొట్టు చప్పుడు, నలుగురైదుగురి గొంతులు. "అమ్మాయ్, ఇక్కడ ఎవరూ నమ్మట్లేదే. ఆ సుధాకర్ గారు తొక్కిన మూడు చక్రాల సైకిల్ ఎత్తెంతమ్మా? స్పీకర్ పెట్టాను, కాస్త గట్టిగా చెప్పు" అన్నారు.

నలభై ఒక్క అడుగుల ఏడు అంగుళాలు.